ఒక గింజ ఎక్కువ

తామ్రగిరి రాజుగారి చిన్నకొడుకు మకరాంకుడు అగాధపు అంచుకు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎదురుగా నల్లని కొండ. కొండ నెత్తిన, పచ్చరాతిని చెక్కి నిలబెట్టినట్టు, మాంత్రికుడు కరాళకేతుడి కోట. ఎండ దాని గోడల మీద పడి వన్నెవన్నెలుగా విరిగి లోయలోకి జారుతోంది. బురుజుల చుట్టూ తెల్లకొంగలు, మల్లెదండ తెగి గాలికి చెదిరిపోయినట్టు, ఆగకుండా తిరుగుతున్నాయి. ఆ కొండకూ ఈ ఒడ్డుకూ మధ్య అడవితీగలతో అల్లిన సన్నని వంతెన ఊగుతోంది. దాని కింద లోయకు అడుగు కనిపించడం లేదు.

అంత అందం ఎదురుగా ఉన్నా రాకుమారుడి చూపు దానిమీద నిలవలేదు. భుజాన ఉన్న మూట దించి దాని పక్కనే కూలబడ్డాడు. మూట తాడు ఒరుసుకుని భుజం పుండయింది. ఇప్పుడు నొప్పి కూడా తెలియడం లేదు. అలసట ఒక్కటే తెలుస్తోంది.

ఆ మూటలో ఉన్నవి రాళ్లు. నిమ్మకాయంత రాళ్లు.

తామ్రగిరిలో ఒక ఆచారం ఉంది. దండు బయలుదేరేటప్పుడు పొలిమేరలో ఒక్కొక్కరూ ఒక్కొక్క రాయి వేసి పోతారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కొక్క రాయి తీసి పారేస్తారు. కుప్పలో ఎన్ని మిగిలితే అంతమంది రానట్టు. పేరు చెప్పి ఏడవకముందే ఊరికి లెక్క తెలిసిపోతుంది. ఈ ఏడు మకరాంకుడి అన్న రణధీరుడు ఒక దండును తీసుకుని ఉలికనుమ కాపలాకు వెళ్లాడు. ఒక ఉదయం కనుమను పొగమంచు కమ్మింది. మంచు విడిపోయాక అక్కడ మనిషన్నవాడు లేడు. ఆకాశంలో కొంగలు మాత్రం బారులు తీరి ఉత్తరానికి, కరాళకేతుడి కొండవైపు పోతున్నాయి. పొలిమేరలో ఒక్క రాయి కూడా కదల్లేదు. ఆ రాళ్లనే మకరాంకుడు మూటగట్టుకుని వచ్చాడు.

"ఆ వంతెన చూశావా దొరా?" అంది గంగిలి. "మేకపిల్ల తుమ్మితే తెగేలా ఉంది."

గంగిలి ఉప్పు మోసుకుని కొండలు తిరిగే మనిషి. వయసులో రాకుమారుడికి పెద్దక్కలా ఉంటుంది. ఆమె మొగుడు సింగడు కూడా మోతకూలిగా ఆ దండుతో పోయి కొంగ అయ్యాడు. అందుకే దారి చూపిస్తానని వచ్చింది. ఇద్దరూ ఉప్పు అమ్ముకునే అక్కాతమ్ముళ్ల వేషంలో ఇంతదూరం వచ్చారు.

"మనిద్దరినీ మోస్తుందా?"

"మనల్ని మోస్తుంది. నీ మూటను మోయదు."

మకరాంకుడు మూట మీద చెయ్యి వేశాడు. "ఇవి లేకుండా వెళ్లి ఏం లాభం అక్కా? ఎంతమందిని పట్టుకొచ్చాడో సరిగ్గా చెప్పినవాడికే కరాళకేతుడు వాళ్లను వదులుతాడట. తక్కువ చెబితే మిగిలినవాళ్లు ఎప్పటికీ కొంగలే. ఎక్కువ చెబితే ఆ లోటు చెప్పినవాడే పూడ్చాలి. ఈ రాళ్లే నా లెక్క."

"రాళ్లు లెక్క కావు దొరా. లెక్క వాటిమీద కూర్చుని ఉంది. దాన్ని లేపి ఇంకోదానిమీద కూర్చోబెడదాం." ఆమె నడుముకు చుట్టుకున్న తాడు విప్పింది. "నువ్వు ఒక్కో రాయీ తియ్యి. నేను ఒక్కో వేలూ ముడుస్తా. చేతులవీ కాళ్లవీ వేళ్లన్నీ అయిపోతే ఒక మనిషి నిండినట్టు. అప్పుడొక పెద్ద ముడి వేస్తా. మా కొండమీద అట్లాగే లెక్క. మా మామకు 'రెండు మనుషుల మేకలు' ఉండేవి. పెళ్లిలో ఆ మాట విని మీ పల్లపువాళ్లు పారిపోయారు, మేకలతో పాటు మనుషుల్ని కూడా మేపుతున్నాడని."

రాకుమారుడికి నవ్వు రాలేదు గాని ముఖం కొంచెం తేలికపడింది. మూట విప్పాడు. ఒక రాయి నున్నగా ఉంది. ఒకదానిమీద తెల్లని చార ఉంది. ఒకదాన్ని ఎవరో గవ్వతో గీకి బొమ్మ వెయ్యబోయి మానేశారు. ఒక్కొక్కదాన్నీ తీసి లోయ అంచున పెడుతున్నాడు. గంగిలి చేతివేళ్లు ముడిచి, కాలివేళ్లు తడిమి, "మనిషి" అని గట్టిగా అని పెద్ద ముడి బిగిస్తోంది. మూట ఖాళీ అయ్యేసరికి తాడుకు ఏడు పెద్ద ముళ్లు, వాటి పక్కన తొమ్మిది చిన్నవి ఉన్నాయి. పల్లపు లెక్కలో నూట నలభై తొమ్మిది.

"ఇందులో మీ అన్నగారి రాయి ఏది?" అని అడిగింది గంగిలి.

"లేదు. రాజవంశంవాళ్లు రాయి వెయ్యరు."

"కూలివాడికి ఉంది, రాజుకు లేదా?"

"రాజును రాళ్లతో కలిపి లెక్కపెట్టకూడదని మా తాతల మాట." మకరాంకుడు లేచి నిలబడ్డాడు. "మంచు కమ్మకముందే అన్న గుర్రం ఒంటరిగా ఇంటికి వచ్చింది. కొండచిలువ మింగిందని కొందరు, ఏట్లో పోయాడని కొందరు. నాన్నగారు కర్మ చేయిద్దామంటారు. అమ్మ చెయ్యనివ్వదు. అన్న కూడా ఈ కొంగల్లో ఉన్నాడేమో ఎవరికి తెలుసు? ఈ తాడుకు ఇంకో ముడి వెయ్యాలో వద్దో నాకు తెలియదు అక్కా."

 గంగిలి తాడు అతని నడుముకు చుట్టింది.

వంతెన సగం దాటారో లేదో మీద నీడ పడింది. తల ఎత్తి చూస్తే గండభేరుండం. రెండు తలలు, ఇనుప ముక్కులు, తాటిమట్టలంత రెక్కలు. మొదటి దెబ్బకే వంతెన ఒక పక్క తీగలు పటపట తెగాయి. గంగిలి కాలుజారి లోయలోకి వేలాడింది. మకరాంకుడు ఒక చేత్తో ఆమె మణికట్టు, ఇంకో చేత్తో తీగ పట్టుకున్నాడు. పక్షి మళ్లీ తిరిగి, నోళ్లు రెండూ తెరుచుకుని దూసుకొచ్చింది.

"ఉప్పు!" అని అరిచింది గంగిలి. "నా వీపు మీద ఉప్పు!"

అతను ఆమె మూటను పళ్లతో పట్టి చింపాడు. పిండి ఉప్పు గాలికి లేచి నాలుగు కళ్లలోనూ కొట్టింది. పక్షి గింజుకుంటూ, తన తలలతో తానే పోట్లాడుకుంటూ లోయలోకి దిగిపోయింది. ఇద్దరూ మిగిలిన తీగల మీద పాకి అవతలి ఒడ్డున పడ్డారు. మూటలో నాలుగు ఉప్పు గడ్డలు మిగిలాయి.

"వ్యాపారం దివాలా," అని రొప్పుతూ అంది గంగిలి. "పద తమ్ముడూ. ఇకనుంచి నువ్వు దొరవు కాదు, నా తమ్ముడివి. కొంచెం మొద్దుగా నడువు."

కోటవాకిలి దగ్గర ఎర్రతలపాగా కావలివాడు అడ్డం నిలబడ్డాడు. "ఏ ఊరు?"

"ఈ కొండ వెనకే అయ్యా," అంది గంగిలి. "ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లమే. వీడు నా తమ్ముడు. బుద్ధి తక్కువ గాని మంచివాడు."

"గడ్డలెన్ని?"

రాకుమారుడు మూట తెరిచి, అలవాటు కొద్దీ ఒక్కొక్క వేలూ ముడుస్తూ నాలుగు చూపించాడు. కావలివాడి కళ్లు చిన్నవయ్యాయి.

"ఈ ఊళ్లో పుట్టినవాడు వేళ్లు ముడవడు," అన్నాడు. తన చెయ్యి ఎత్తి, బొటనవేలి కొనతో మిగతా నాలుగు వేళ్ల కణుపుల్నీ ఒక్కొక్కటే తాకుతూ పోయాడు. "వేలికి మూడు, చేతికి పన్నెండు. పాలు తాగే బిడ్డ కూడా కణుపు తాకుతాడు. ఎవడివిరా నువ్వు?"

"చెప్పాగా, బుద్ధి తక్కువని!" అంటూనే గంగిలి ఒక గడ్డ తీసి వాడి ముక్కుకు గురిపెట్టి కొట్టింది.

ఇద్దరూ పరుగు లంకించుకున్నారు. వెనక శంఖాలు, కేకలు, ఈటెల గలగలలు. అద్దకంవాళ్ల వీధిలో ఆరేసిన బట్టల కింద దూరి, కుండలవాళ్ల వాకిట్లో పచ్చికుండల వరస కూలదోసి, మెట్ల మీద మెట్లెక్కారు. మకరాంకుడి కాళ్లు తనవి కానట్టున్నాయి. అయినా పరుగెత్తుతూనే బొటనవేలితో కణుపులు తాకి చూసుకుంటున్నాడు. ఇక్కడి లెక్క పన్నెండు అయితే, మాంత్రికుడు అడిగేదీ పన్నెండే.

"ప్రాణం పోతుంటే వేళ్లు గోక్కుంటావేంటి!"

"నేర్చుకుంటున్నాను అక్కా."

మెట్ల చివర ఒక పెద్ద వాకిలి బార్లా తెరిచి ఉంది. లోపలికి దూకారు. తిరిగి చూస్తే తరిమిన భటులందరూ గడప అవతలే ఆగిపోయి తలలు వంచుకుని ఉన్నారు. అది కరాళకేతుడి కొలువు.

లోపల ఒక కొలను. కొలను గట్టున, పైకప్పు లేని మండపంలో, మెత్తని తెల్ల ఇసుక పరిచిన అరుగు. దాని వెనక ఒక ముసలివాడు కూర్చుని ఉన్నాడు. జడలు నేలమీద చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. కనుబొమలు గడ్డిలా కళ్లమీదికి వాలాయి. ముందర బుట్టెడు గురివింద గింజలు, పక్కన నిప్పుల కుంపటి.

"కూర్చో," అన్నాడు. గొంతులో కోపం లేదు, విసుగు ఉంది. "పరుగెత్తి వచ్చినవాళ్లు లెక్క తప్పుతారు. మంచినీళ్లు తాగు."

మకరాంకుడు కూర్చున్నాడు. నీళ్లు తాగలేదు.

"తామ్రగిరి దండు కోసం వచ్చావు. నియమం తెలుసు కదా. నోటితో చెప్పినది నేను వినను. మీ ఊరి మాటలు నాకెందుకు? ఇసుకలో గింజలు పెట్టు. కుడివైపు కుప్పలో విడి గింజలు. పన్నెండు అయితే వాటిని తీసేసి ఎడమపక్క రెండో కుప్పలో ఒకటి. అక్కడా పన్నెండు అయితే తీసేసి, ఇంకా ఎడమపక్క మూడో కుప్పలో ఒకటి. పెట్టి చెయ్యి తీసేశాక మార్చకూడదు."

రాకుమారుడు నడుము తాడు విప్పాడు. పెద్ద ముడి ఒక్కొక్కదానికీ ఇరవై గింజలు, చిన్న ముడికి ఒక్కొక్కటి పక్కన పోశాడు. తర్వాత కణుపులు తాకుతూ పన్నెండేసి విడదీశాడు. సరిగ్గా పన్నెండు కుప్పలు వచ్చాయి. విడిగా ఐదు గింజలు మిగిలాయి. పన్నెండు పన్నెండ్లూ కలిసి ఒక్కటైపోయాయి కనుక ఎడమపక్కకు ఒక గింజ వెళ్లాలి. కుడిపక్కన ఐదు ఉండాలి. నడిమి కుప్పకు ఏమీ మిగల్లేదు.

అతని చెయ్యి ఇసుక మీద ఆగిపోయింది. ఒకటి, దాని పక్కన ఐదు పెడితే ముసలివాడు దాన్ని ఎలా చదువుతాడు? ఒక పన్నెండు, పైన ఐదు అని చదువుతాడు. పదిహేడుమంది దిగివస్తారు. మిగిలిన అందరూ ఎప్పటికీ ఈ కొలను మీద తిరుగుతుంటారు. తల ఎత్తి చూశాడు. కనుబొమల కింద ముసలి కళ్లు ఓపిగ్గా చూస్తున్నాయి. ఇక్కడ కూర్చున్నవాళ్లు చాలామంది ఈ చోటే దెబ్బతిన్నారని ఆ చూపులోనే తెలుస్తోంది.

ఖాళీగా ఉన్న చోటును చెప్పకుండా వదిలేస్తే అది మూసుకుపోతుంది. మూసుకుపోతే దాని పక్కన ఉన్నవాళ్లు కూడా తక్కువైపోతారు. రాకుమారుడికి ఇంట్లో భోజనాల వరస గుర్తుకు వచ్చింది. అన్న పీట ఎవరు తీసేసినా అమ్మ మళ్లీ తెచ్చి వేస్తోంది.

ఎడమపక్క ఒక గింజ పెట్టాడు. నడుమ చోటు విడిచి, ఇసుకలో వేలితో గుండ్రంగా ఒక గీత గీశాడు.

"ఇదేమిటి?" కరాళకేతుడు ముందుకు వంగాడు.

"ఇక్కడ ఎవరూ లేరు. కాని ఈ చోటు ఉంది. కలిపి చదవకండి."

ముసలివాడు ఆ గుండ్రని గీతను చూశాడు. "నేను చెప్పిన నియమంలో ఇది లేదు," అన్నాడు. "వద్దని కూడా చెప్పలేదు. సరే. కానివ్వు."

మకరాంకుడు కుడిపక్క గింజలు పెట్టాడు. ఐదు. అరచేతిలో ఇంకొకటి ఉంది.

గంగిలి అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు తమ్ముడూ." తమ్ముడు వేషం ఎప్పుడో తీరిపోయింది. ఆ పిలుపు మాత్రం ఆమె మానలేదు. "ఐదుతో వదిలెయ్యి. మీ అన్న గుర్రం ఒంటరిగా వచ్చిందన్నావు. నువ్వే చెప్పావు."

"అన్న ఆ కొంగల్లో ఉండి, నేను ఈ గింజ పెట్టకపోతే?"

"లేకుండా, నువ్వు పెడితే?"

"అప్పుడు పోయేది నేనొక్కడినే. దండు దిగివస్తుంది. నీ సింగడు వస్తాడు." అతను ఆమె వేళ్లను మెల్లగా విడిపించాడు. "పెట్టకపోతే ఇంటికి వెళ్లాక రోజూ ఆకాశం చూడాలి అక్కా. ఏ కొంగ పోయినా చూడాలి. అంత ఓపిక నాకు లేదు."

ఆరో గింజ పెట్టి చెయ్యి తీసేశాడు.

కరాళకేతుడు లేచి ఎడమ గింజను నిప్పులో వేశాడు. కొలను మీద గాలి ముద్దగా కదిలింది. కొంగలు బారులు బారులుగా దిగసాగాయి. నేల తాకిన కొంగ తాకినట్టే ఈకలు రాల్చి మనిషై, కళ్లు నులుముకుంటూ నిలబడుతోంది. కొందరు తమ చేతులు తామే చూసుకుంటున్నారు. ఒకడు దగ్గుతున్నాడు. ఒకడు ఎవరినో తిడుతూ మాయలో పడ్డాడేమో, ఆ తిట్టు ఇప్పుడు పూర్తిచేశాడు. మండపం, గట్టు, మెట్లు అన్నీ జనంతో నిండిపోయాయి.

కుడిపక్క ఆరు గింజలు మిగిలాయి. ముసలివాడు ఒక్కొక్కటే తీస్తున్నాడు. మూడో గింజకు దిగిన కొంగ బక్కపలచని మోతకూలి అయింది.

"ఇంత చిక్కిపోయావేంటయ్యా!" అంది గంగిలి. ముందుకు పరుగెత్తలేదు. నిలబడ్డచోటే నిలబడి, కొంగుతో నోరు మూసుకుంది.

"చేపలు తినీ తినీ విసుగొచ్చిందే," అన్నాడు సింగడు. "అంబలుందా?"

నాలుగో గింజ, ఐదో గింజ. ఐదోదానికి, అన్న తర్వాత దండును నడిపిన రేచన దిగాడు. రాకుమారుణ్ణి చూసి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

ఆరో గింజను కరాళకేతుడు అరచేతిలో పెట్టుకుని పైకి చూశాడు. అందరూ చూశారు. బురుజుల మీద కొంగలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఏవేవో దేశాలవి, ఎవరూ అడగనివి. వాటిలో ఒక్కటీ దిగలేదు.

మకరాంకుడు రేచన వైపు తిరిగాడు. "ఎప్పుడు?"

"మంచుకు ముందురోజు, చిన్నదొరా." రేచన నేల చూస్తూ చెప్పాడు. "ఏరు దాటుతున్నాం. గుర్రం అలసిపోయిందని దాన్ని వెనక్కి తోలేసి ఆయన కాలినడకన దిగారు. అందరికంటే ముందు లోతు చూస్తానన్నారు."

"ఏమైనా అన్నాడా?"

"పెద్దమాట ఏమీ అనలేదు. నీళ్లు చల్లగా ఉన్నాయన్నారు."

రాకుమారుడు తల ఊపాడు. కనుమ నుంచి గుర్రం వచ్చిన సాయంత్రం నుంచీ లోపల బిగించి పట్టుకున్నదేదో వదిలింది. ఏడుపు రాలేదు. కూర్చోవాలనిపించింది. కూర్చునేలోగా మణికట్టు దగ్గర దురద పుట్టింది. చూస్తే తెల్లని ఈక ఒకటి చర్మం చీల్చుకుని వస్తోంది.

"రేచనా, వంతెన సగం తెగి ఉంది. ఒక్కొక్కరినే దాటించు. ఇంటికి వెళ్లి నాన్నగారితో చెప్పు, కర్మ చేయించమను. అన్న పోయిన సంగతి అమ్మకు నువ్వు చెప్పకు. నీళ్ల మాట మాత్రం చెప్పు."

"చిన్నదొరా..."

"ఈసారి పొలిమేరలో రాజులకు కూడా రాయి వెయ్యమను." మెడ సాగుతోంది. గొంతు సన్నబడుతోంది. "గంగిలక్కా..."

గంగిలి అతని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పటికే అది ముఖంలా లేదు. ఆమె కరాళకేతుడి వైపు తిరిగి, గడప అవతలి భటులు కూడా ఉలిక్కిపడేలా అడిగింది. "ముసలాయనా! లెక్క సరిగ్గా చెబితే ఎవరినైనా వదులుతావా? ఒక్క తామ్రగిరివాళ్లనేనా?"

"ఎవరినైనా," అన్నాడు ముసలివాడు. గుండ్రని గీత చెరిగిపోకుండా ఇసుక అరుగు మీద బట్ట కప్పుతున్నాడు. "అందరినీ కలిపి అడిగినవాడు ఇంతవరకూ లేడు. నేల మీద నిలబడి ఎవరు లెక్కపెట్టగలరు? ఒక్కచోట నిలవవు కదా."

"విన్నావా?" గంగిలి కొంగతో అంది. "నేల మీద నిలబడి కుదరదట. నువ్వు పైనుంచి చూడు. నువ్వు వచ్చేదాకా నేనూ నా మొగుడూ ఈ గట్టునే ఉంటాం. మాకు ఊళ్లో ఏం తగలబడిపోతోంది గనక?"

సింగడు ఆమె పక్కన గట్టు మీద చతికిలబడ్డాడు. 

మకరాంకుడు రెక్కలు విదిల్చాడు. భుజం మీద బరువు లేదు, పుండు లేదు. గాలి తనంతట తానే పైకి ఎత్తుకుంది. మండపం చిన్నదైంది, మెట్ల మీద దిగిపోతున్న దండు చీమలబారైంది. కోట కొన దాటి పైకి వచ్చాక కొండ వెనక వైపు మొదటిసారి కనిపించింది. అక్కడ ఇంకో కొలను ఉంది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక లోయలోయంతా కొలనులే. ప్రతిదానిమీదా తెల్లగా, పొంగిన పాలలా, కొంగలు. కొన్ని లేస్తున్నాయి, కొన్ని వాలుతున్నాయి. ఒక్క క్షణం నిలవడం లేదు.

అలసటగా ఉంది. ముడవడానికి వేళ్లు లేవు. తాకడానికి కణుపులు లేవు. రాళ్లు అవతలి ఒడ్డున ఉండిపోయాయి.

అన్నిటికంటే దగ్గరలో, కొలను అంచున, ఒంటికాలి మీద నిలబడిన ముసలి కొంగ ఒకటి కనిపించింది. మకరాంకుడు దానివైపు వాలాడు.

ఒకటి, అనుకున్నాడు.